ఆరింటికి రైలు దిగాక టిఫిన్ ఎక్కడ?

ప్రశ్న: మేం ఐదుగురం. నేను, మావారు, పదమూడేళ్ళ బాబు, ఎనిమిదేళ్ళ పాప, మా అత్తగారు. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు, షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటారు. వచ్చే నెల ఒక మహానగరం చూసి రావాలనుకుంటున్నాం. పొద్దున ఆరింటికి రైలు దిగుతాం, రాత్రి పదిన్నరకి తిరుగు రైలు. ఒక్కరోజే కదా అని గది తీసుకోవడం లేదు. ఆ ఊళ్ళో మాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. పిల్లలు ఆరు చోట్లు చూడాలని జాబితా రాసి పెట్టారు. అంత పొద్దున్నే టిఫిన్ ఎక్కడ దొరుకుతుంది? తిరగడానికి మెట్రో మంచిదా, రోజంతా కారు మాట్లాడుకోవడం మంచిదా? మావారు కారంటారు, బాబు మెట్రో అంటాడు. అత్తగారేమో "నా గురించి కంగారు పడకండి, నేనెక్కడో ఒకచోట కూర్చుంటాను" అంటారు. ఇంకో చిన్న సందేహం, ఫ్లాస్కు తీసుకెళ్ళాలా, బరువు దండగా?

సమాధానం: ఏ ఊరు వెళ్తున్నారో మీరు రాయలేదు. రాసి ఉంటే నేను నాలుగు హోటళ్ళ పేర్లు చెప్పి చేతులు దులుపుకునేదాన్ని. మీరు వెళ్ళేసరికి వాటిలో ఒకటి మూతపడి ఉండేది, ఇంకోటి తొమ్మిదింటికి గానీ తలుపు తీసేది కాదు. అందుకని పేర్ల బదులు వెతుక్కునే పద్ధతి చెప్తాను.

మీరు టిఫిన్ ఒక ప్రశ్నగా, తిరగడం ఇంకో ప్రశ్నగా అడిగారు. నా దృష్టిలో రెండూ ఒకటే. స్టేషన్ దగ్గరే ఎక్కడో కూర్చుని తాపీగా తింటే లేచేసరికి ఎనిమిదవుతుంది. సరిగ్గా అప్పుడే ఊరంతా ఆఫీసులకి బయల్దేరుతుంది. పెద్దావిడ చెయ్యి ఒకరు, పాప చెయ్యి ఒకరు పట్టుకుని, బ్యాగులతో ఆ తొక్కిసలాటలో పడాలి. అదే ఏడింటిలోపే స్టేషన్ వదిలేసి, మొదట చూడాల్సిన చోటు ఉన్న పేటకి ముందే చేరుకుని అక్కడ తిన్నారనుకోండి, రద్దీ మొదలయ్యే వేళకి మీరు ప్లేటు ముందు కూర్చుని ఉంటారు. కాబట్టి "స్టేషన్ దగ్గర టిఫిన్" అని వెతక్కండి. మొదటి చోటు ఏదో తేల్చుకుని, దానికి పది నిమిషాల నడకలో వెతకండి.

దిగీదిగగానే పని టిఫిన్ కాదు, బాత్రూమ్. గది లేదన్నారు కాబట్టి ముఖాలు కడుక్కోవడం, బట్టలు మార్చుకోవడం అన్నీ స్టేషన్లోనే అవ్వాలి. పెద్ద స్టేషన్లలో వెయిటింగ్ రూమో, డబ్బు తీసుకునే లాంజో ఉంటుంది. ఐదుగురికి నలభై నిమిషాలు వేసుకోండి. పదిహేను చాలని మీవారు అంటారు, నమ్మకండి. పిల్లలకి ఆ లోపు ఒక అరటిపండో, రెండు బిస్కెట్లో చేతిలో పెడితే హోటల్ చేరేదాకా పేచీ ఉండదు.

ఇక అంత పొద్దున్నే తెరిచి ఉండే హోటల్ సంగతి. చాలా ఏళ్ళ కిందట మేమూ ఇలాగే ఒక పెద్ద ఊరెళ్ళాం. అక్కడ తినకపోతే ఊరు చూసినట్టే కాదని పదిమంది చెప్పిన హోటలుకే నేరుగా పోయాం. క్యూలో నలభై నిమిషాలు నిలబడ్డాం. మా చిన్నాడు మెట్ల మీద కూర్చుని ఒక చెప్పు విప్పడం, తొడుక్కోవడం, మళ్ళీ విప్పడం. లోపల ఏం తిన్నామో ఇప్పుడు గుర్తులేదు, ఆ చెప్పు మాత్రం కళ్ళకి కట్టినట్టుంది. తినేసి బయటికొచ్చి పక్క సందులోకి తిరిగితే ఒక పెద్ద ఆసుపత్రి, దాని ఎదురుగా వరసగా మూడు చిన్న హోటళ్ళు. పొగలు కక్కుతున్న ప్లేట్లు బల్లల మీదకి వస్తున్నాయి, సగం కుర్చీలు ఖాళీ. మావారు నా వైపు చూశారు. నేను ఆసుపత్రి బోర్డు వైపు చూశాను.

అప్పటినుంచి నేను కొత్త ఊళ్ళో "మంచి టిఫిన్" అని వెతకడం మానేసి, ఆ పేటలో తెల్లవారకముందే లేచేవాళ్ళెవరో చూస్తున్నాను. రాత్రి డ్యూటీ దిగే నర్సులు, కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో బరువులు దించేవాళ్ళు, బస్ డిపోలో మొదటి బండి తీసే డ్రైవర్లు, హాస్టల్ పిల్లలు. వీళ్ళున్నచోట ఆరింటికే పొయ్యి వెలిగి ఉంటుంది. మ్యాప్ తెరిచి మీ మొదటి చోటు చుట్టుపక్కల ఆసుపత్రో, మార్కెట్టో, డిపోనో ఎక్కడుందో చూడండి. హోటళ్ళు దాని పక్కనే కనిపిస్తాయి. అక్కడ నిలబడి తినేవాళ్ళకి డ్యూటీ టైమ్ అవుతుంటుంది కాబట్టి వడ్డన కూడా చకచకా సాగుతుంది.

వారంలో ఏ రోజు వెళ్తున్నారో కూడా చూసుకోండి. ఆఫీసుల పేటలు పనిరోజుల్లో పొద్దున్నే కళకళలాడతాయి, సెలవు రోజున చూస్తే చీమ కూడా కనపడదు. లండన్‌లో బ్యాంకులూ ఆఫీసులూ ఉండే పాత పేటని "సిటీ" అనే పిలుస్తారు. శని, ఆదివారాల్లో అక్కడ కాఫీ దుకాణాలు కూడా చాలా మూసే ఉంటాయి. ఇళ్ళుండే పేటలు దీనికి తలకిందులు. సెలవు రోజున అక్కడ జనం ఉంటారు, కానీ ఆలస్యంగా లేస్తారు. ఆదివారం ఏడింటికి మీకు దిక్కు మళ్ళీ ఆసుపత్రి, డిపో, స్టేషనే.

మ్యాప్‌లో "6 గంటలకు తెరుస్తారు" అని రాసి ఉంటే అది పూర్తిగా నిజమనుకోవద్దు. ఎప్పుడో ఎవరో పెట్టిన టైమ్ అది. ముందురోజు ఫోన్ చేసి రెండు ముక్కలు అడగండి: "రేపు ఎన్నింటికి తెరుస్తారు? తెరవగానే తినడానికి రెడీగా ఉంటుందా?" రెండోది తప్పకుండా అడగాలి. తలుపు ఆరింటికి తీస్తారు, వంట ఏడింటికి అవుతుంది, మధ్యలో కాఫీ తప్ప ఏమీ ఉండదు. రివ్యూలు చూసేటప్పుడు పొగడ్తలు వదిలేసి, పొద్దున వెళ్ళినవాళ్ళు ఏం రాశారో, బాత్రూమ్ గురించి ఎవరైనా రాశారో చూడండి. ముప్పై మంది ఇచ్చిన 4.9 కన్నా మూడు వేలమంది ఇచ్చిన 4.2 నాకు నమ్మకం. దగ్గర్లోనే రెండో హోటల్ కూడా ఒకటి గుర్తు పెట్టుకోండి. మొదటిది మూసి ఉంటే వీధిలో నిలబడి ఐదుగురూ ఐదు ఫోన్లు తీయాల్సిన పని ఉండదు.

హోటల్ ముందుకెళ్ళాక రుచి సంగతి మీ ముక్కే చెప్తుంది, నేను చెప్పక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త. అప్పుడే వేడిగా చేసింది తినండి, కోసి తెరిచి పెట్టిన పండ్ల ముక్కలు, చట్నీలాంటి పచ్చి పదార్థాలు ఆ ఒక్కరోజుకి వదిలేయండి. రాత్రి రైలెక్కాల్సిన కడుపులు అవి.

ఇప్పుడు అత్తగారు. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఆవిడదే. మా అమ్మ కూడా అచ్చం అలాగే అనేది. ఒక ప్రయాణంలో సాయంత్రం చూస్తే, పొద్దున చేతికిచ్చిన నీళ్ళ సీసా మూత కూడా తీయలేదు. ఏమ్మా అంటే, "తాగితే వెళ్ళాల్సి వస్తుంది, ఎక్కడికెళ్ళాలో తెలీదు, మిమ్మల్ని ఎందుకు ఆపడం" అంది. పెద్దవాళ్ళు బయటికి చెప్పని బాధ ఇదే. మీరు అడిగితే "వద్దులే" అంటారు. అందుకని అడక్కండి. రెండు గంటలకోసారి "ఇక్కడ అందరం వెళ్ళొద్దాం" అని మీరే దారి తీయండి. మ్యూజియంలు, పెద్ద షాపింగ్ మాల్స్, మధ్యాహ్నం భోజనం చేసే హోటల్, ఈ మూడూ ముందే అనుకుంటే చాలావరకు గట్టెక్కుతుంది.

ఇన్సులిన్ సంగతి మరీ ముఖ్యం. వేసుకున్నాక తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. మామూలు కన్నా ఎక్కువ నడిచినా పడిపోతుంది. మీ ప్రయాణంలో ఈ రెండూ ఉన్నాయి. "ఎలాగూ పది నిమిషాల్లో తింటాం కదా" అని స్టేషన్లోనే ఇంజెక్షన్ తీసుకోనివ్వకండి. ఆ పది నిమిషాలు కొత్త ఊళ్ళో గంట కావచ్చు. కొన్ని రకాలు తినడానికి అరగంట ముందు వేసుకోమంటారు, కొన్ని తినేముందే. ఆ రోజు డోసు, టైమ్ ఎలా సర్దుకోవాలో బయల్దేరేముందు ఆవిడ డాక్టర్ని అడగండి. అడిగి, కాగితం మీద రాయించుకోండి.

చెమటలు పడుతున్నా, చేతులు వణుకుతున్నా, గుండె దడగా ఉన్నా, మాట తికమకగా వస్తున్నా అలసటే అనుకుని ఊరుకోకండి. మీటరుతో చూడండి. 70 కన్నా తక్కువుంటే సుమారు 15 గ్రాముల గ్లూకోజు గానీ చక్కెర గానీ ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్ళీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ అంతే ఇవ్వాలి. తెలివి తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్స్ పిలవాలి. గ్లూకోజు ప్యాకెట్, మీటరు, ఇన్సులిన్ ఈ మూడూ మీ భుజానికి ఉండే బ్యాగులో పెట్టుకోండి. క్లోక్‌రూములో ఇచ్చే సూట్‌కేసులో వద్దు, ఎండలో ఆగే కారులో అసలే వద్దు.

మెట్రోనా కారా అన్న తగువులో మీవారు ఒకటి మర్చిపోయారు. మీరు ఐదుగురు. మామూలు క్యాబులో డ్రైవరు కాక నలుగురే పడతారు. పెద్ద బండి మాట్లాడాలి, లేదా రెండు బళ్ళు. రెండు బళ్ళంటే రెండు చోట్ల దిగి ఒకళ్ళ కోసం ఒకళ్ళు వెతుక్కోవడం. పైగా చూడదగ్గ చోట్లన్నీ ఊరి నడిబొడ్డునే ఉంటాయి, అక్కడ బండి ఆపుకోవడానికి చోటుండదు. డ్రైవరు ఎక్కడో దూరంగా ఆపుకుంటాడు, మీరు ఫోన్ చేసి పావుగంట ఎండలో నిలబడతారు.

అలాగని బాబు గెలిచేశాడనుకోకండి. మెట్రో అంటే మెట్లు. లండన్ భూగర్భ రైలు 1863లో మొదలైంది, ప్రపంచంలో అదే మొదటిది. అంత పాతది కాబట్టే మెట్లెక్కకుండా వీధిలోంచి ప్లాట్‌ఫామ్ దాకా వెళ్ళగలిగే స్టేషన్లు అక్కడ ఇప్పటికీ సుమారు మూడోవంతే. పారిస్ పాత లైన్లలో కూడా చాలాచోట్ల మెట్లే గతి. కొత్తగా కట్టిన మెట్రోల్లో లిఫ్టులుంటాయి, కానీ ఒక్కోచోట అది రోడ్డుకి అవతలి వైపు ఉంటుంది. మీరు ఎక్కే, దిగే, మారే స్టేషన్లలో లిఫ్టుందో లేదో ముందురోజే చూసుకోవాలి. మారే స్టేషన్నే అందరూ మర్చిపోతారు. అక్కడే అన్నిటికన్నా ఎక్కువ నడక ఉంటుంది. అత్తగారి కోసమైతే ఒకసారి మారి పది నిమిషాలు ముందు చేరడం కన్నా, మారకుండా వెళ్ళే దారే ఎంచుకోండి.

నన్నడిగితే పెద్దవాళ్ళకి బస్సు. ఎవరూ దాని పేరెత్తరు గానీ, నేల మీదే ఎక్కి నేల మీదే దిగొచ్చు, కిటికీలోంచి ఊరు కనపడుతుంది. భూమి లోపల తిరిగితే స్టేషన్లు తప్ప ఏం చూస్తారు? పది దాటాక, సాయంత్రం రద్దీకి ముందు, దగ్గర దూరాలకి బస్సు హాయి. ముందు సీటు దొరికితే పాప కూడా అల్లరి చేయదు.

కాబట్టి నా లెక్క ఇది. పొద్దున ఆరున్నర, ఏడు మధ్య మెట్రో. పగలు బస్సు, నడక. మధ్యాహ్నం భోజనం తర్వాత అందరి కాళ్ళూ పీకుతాయి, రోడ్లూ కాస్త ఖాళీగా ఉంటాయి, అప్పుడొక్కసారి పెద్ద కారు. మీవారి మాట కూడా నెగ్గినట్టుంటుంది. సాయంత్రం స్టేషనుకి మాత్రం మళ్ళీ మెట్రోనే. చాలామంది ఇది తిరగేసి చేస్తారు, "అలిసిపోయాం, స్టేషనుకి కారెక్కుదాం" అని. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కారులో కూర్చుని వాచీ చూసుకోవడమంత టెన్షన్ ఇంకోటి లేదు. రైలు అందుకోవాల్సిన ప్రయాణం ఎంతసేపు పడుతుందో ముందే తెలిసే బండి మీద ఉండాలి.

క్యాబ్ బుక్ చేసేటప్పుడు స్టేషన్ గేటు ముందే నిలబడి బుక్ చేయకండి. ఒకే రైలు దిగిన వందలమంది అక్కడే చేస్తుంటారు, రేటు పెరుగుతుంది, మీ బండి ఏదో తెలీదు. రెండు మూడు వందల మీటర్లు నడిచి, పేరు రాసి ఉన్న ఏదైనా పెద్ద భవనం ముందు నిలబడి చేయండి. ఎక్కేముందు నంబరు ప్లేటు బాబు చేత చదివించండి, వాడికీ ఒక పని.

టికెట్ల దగ్గర కాస్త చదువుకోవాలి, ఎందుకంటే ఒక ఊరి పద్ధతి ఇంకో ఊరికి పనికిరాదు. లండన్‌లో బ్యాంకు కార్డే గేటు దగ్గర తాకించి వెళ్ళొచ్చు, రోజంతా ఎన్నిసార్లు తిరిగినా ఒక పరిమితి దాటి డబ్బు తీసుకోదు. కానీ ఒక్కో మనిషికి ఒక్కో కార్డుండాలి. పొద్దున కార్డు, సాయంత్రం అదే కార్డున్న ఫోను తాకిస్తే రెండూ వేరు వేరు మనుషులని లెక్కేసుకుంటుంది, ఆ పరిమితి లాభం పోతుంది. దిగేటప్పుడు తాకించడం మర్చిపోతే ఎక్కువ ఛార్జీ పడుతుంది. న్యూయార్క్ సబ్‌వేలో ఎక్కేటప్పుడు తాకిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. పారిస్‌లో టికెట్టో, కార్డో బయటికొచ్చేదాకా దగ్గరే ఉంచుకోవాలి, మధ్యలో ఎవరైనా చూపించమనొచ్చు. పిల్లల లెక్కా అంతే. లండన్‌లో వయసు చూస్తారు, పదకొండేళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళతో ఉంటే భూగర్భ రైల్లో టికెట్ అక్కర్లేదు. న్యూయార్క్‌లో ఎత్తు చూస్తారు, 44 అంగుళాల దాకా ఉచితం. మీరు వెళ్ళే ఊళ్ళో వయసా, ఎత్తా చూసుకుని, ఎత్తే అయితే పాపని గోడకి నిలబెట్టి ఒకసారి గీత గీయండి. ఇంకోటి, పార్సిల్ కట్టించుకుని రైల్లో తిందామనుకోకండి. సింగపూర్ మెట్రోలో తిన్నా, తాగినా జరిమానా. చాలా ఊళ్ళలో ఇలాంటి నియమమే ఉంటుంది.

మెట్రో మ్యాప్ చూసి దూరాలు అంచనా వేయకండి. ఇప్పుడు మనం అన్నిచోట్లా చూసే తిన్నని గీతల మ్యాప్ హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ లండన్ కోసం గీసింది, 1933లో జనం చేతికొచ్చింది. కరెంటు సర్క్యూట్ బొమ్మల మాదిరి నిలువు, అడ్డ, ఏటవాలు గీతలే. ఏ స్టేషన్ తర్వాత ఏది, ఎక్కడ మారాలి అన్నది చెప్పడమే దాని పని, ఎంత దూరం అన్నది కాదు. అదే లండన్‌లో లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్ దాకా రైలు దూరం 260 మీటర్లే. తెలియనివాళ్ళు అందుకోసం లోతుకి దిగి, రైలు కోసం ఆగి, మళ్ళీ పైకొస్తారు. ఒకటి రెండు స్టేషన్ల దూరమైతే ముందు మామూలు మ్యాప్‌లో నడక ఎంతో చూడండి. ఫోన్ చెప్పే నడక టైముకి మీ కుటుంబంతో అయితే సగం కలుపుకోండి. కిలోమీటరుకి పన్నెండు నిమిషాలంటే మీకు పద్దెనిమిది.

స్టేషన్ పేరుతో పాటు బయటికెళ్ళే దారి నంబరు కూడా రాసుకోండి. టోక్యోలో షింజుకు స్టేషనుకి రెండు వందలకి పైగా దారులున్నాయి. అంత కాకపోయినా, ఏ పెద్ద స్టేషన్లోనైనా తప్పు దారిలో పైకొస్తే దాటలేని రోడ్డు ఎదురవుతుంది. ఎత్తైన భవనాల మధ్య ఫోన్‌లో నీలం చుక్క పక్క వీధిలోకి గెంతుతుంటే ఫోన్ పాడైందనుకోకండి. ఉపగ్రహాల సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొస్తుంది కాబట్టి అలా అవుతుంది. చుక్కని వదిలేసి దుకాణాల బోర్డులు చూసి వీధి పోల్చుకోండి. ఊరి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే భూమి లోపల నెట్ లేకపోయినా పనికొస్తుంది.

ఎవరైనా రైలెక్కలేక ప్లాట్‌ఫామ్ మీద మిగిలిపోతే? ఇది ఇంట్లోనే పిల్లలకి ఆట లాగా నేర్పండి. మిగిలిపోయినవాళ్ళు అక్కడే నిలబడాలి. ఎక్కేసినవాళ్ళు తర్వాత స్టేషన్లో దిగి వెనక్కి రావాలి. అందరూ కదిలితే ఎవరూ దొరకరు. పాప జేబులో, అత్తగారి పర్సులో మీ ఇద్దరి ఫోన్ నంబర్లు రాసిన కాగితం పెట్టండి. అత్తగారికి ఫోన్ ఉందంటారేమో, ఛార్జింగ్ ఉండాలి కదా.

ఆరు చోట్లు కుదరవు. మూడు చూడండి. పిల్లల చేత మ్యాప్ మీద ఆ ఆరు చోట్లకీ చుక్కలు పెట్టించి, ఏ మూడు దగ్గర దగ్గరగా ఉన్నాయో వాళ్ళనే చెప్పమనండి. మీరు జాబితా కోశారన్న మాట మీకు రాదు. ఏది ఏ రోజు మూసేస్తారో చూడటం బాబుకి అప్పగించండి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం సెలవు, అదే ఊళ్ళో ఓర్సే మ్యూజియం సోమవారం. ఒకటి మూస్తే రెండోదీ మూస్తారనో, ఆదివారం తప్ప అన్ని రోజులూ తీస్తారనో అనుకుంటే గేటు దాకా వెళ్ళి తిరిగి రావాలి. టిఫిన్ అయ్యాక తొమ్మిదీ పదీ దాకా లోపలికి వెళ్ళే చోట్లు తెరవరు. ఆ గంటన్నరకి పార్కో, నది ఒడ్డో, పాత బజారు వీధో పెట్టుకోండి. అత్తగారికి బెంచీ ఉండాలి, అంతే.

తిరుగు టికెట్ ఇప్పుడే తీసి స్టేషన్ పేరు చదవండి. పెద్ద ఊళ్ళలో పెద్ద స్టేషన్లు ఒకటికి నాలుగుంటాయి, దిగింది ఒకటి, ఎక్కాల్సింది ఇంకోటి కావచ్చు. వేరయితే సామాను దిగిన స్టేషన్లో వదలకండి, ఎక్కే స్టేషన్లోనో ఊరి మధ్యలోనో దాచే చోటు చూసుకోండి. క్లోక్‌రూమ్ రాత్రి ఎన్నింటికి మూస్తారో ఇచ్చేటప్పుడే అడగండి. సూట్‌కేసు తాళం వేసిన తలుపు వెనకుంటే రైలు టైముకి ఉన్నా లాభం లేదు. ఎనిమిదింటికల్లా స్టేషన్ చుట్టుపక్కలకి వచ్చేసి, రాత్రి భోజనం అక్కడే చేయండి. పొద్దున స్టేషన్ దగ్గర తినొద్దన్నాను, రాత్రి మాత్రం అక్కడే తినమంటున్నాను. ఇప్పుడిక ఎక్కడికీ వెళ్ళేది లేదు కాబట్టి.

ఫ్లాస్కు తీసుకెళ్ళండి. అరలీటరుది చాలు. పొద్దున రైలు దిగేముందే వేడినీళ్ళు పట్టుకుంటే, హోటల్లో మొదటి ప్లేటు వచ్చేదాకా అత్తగారు గుక్కెడు తాగుతూ కూర్చుంటారు. ఆవిడ తాగారో లేదో మూత తీసి మీరే చూడండి.